మన ఖర్చు ఎవరి ఇంటికి చేరింది?
(భూటాన్ యాత్రపై వార్షిక సర్వసభ్య సమావేశంలో మొదటి జట్టు సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కిందటి అక్టోబరులో మన సమాఖ్య నుంచి 22 మందిమి భూటాన్ వెళ్ళి వచ్చాం. ఎవరి పొదుపు డబ్బుతో వాళ్ళమే వెళ్ళాం. సమాఖ్య నిధిలోంచి పైసా తీసుకోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాం, ఎందుకంటే రెండు మూడు ఊళ్ళలో వేరే మాట నడుస్తోందని విన్నాం. ఈ ఏడు రెండో జట్టు వెళ్ళడానికి రెండు కొటేషన్లు వచ్చాయి. భోజనాల తర్వాత అవి చర్చకు వస్తాయి. మీరు చెయ్యెత్తే ముందు మేం చూసింది వినాలని ఈ కాస్త సమయం అడిగాం.

మొదటి కొటేషన్ తలకు ఆరు వేలు తక్కువ. అందులో వంటమాస్టరు, గ్యాసు, బియ్యం, పప్పు, నూనె అన్నీ ఇక్కడి నుంచే మన వెంట వస్తాయి. బస ఊరి బయట పెద్ద హోటల్లో. రెండో దాంట్లో మూడు రాత్రులు పల్లెల్లో ఇళ్ళల్లోనే ఉండటం, వాళ్ళు వండిందే తినటం, అక్కడి బండి, అక్కడి గైడు. ఆరు వేలు చిన్న మాట కాదు. మనలో చాలామందికి అది మూడు నాలుగు నెలల లోను కంతు. అందుకే ఆ ఆరు వేలు ఎక్కడ తగ్గుతున్నాయో చూడాలి.

భూటాన్‌లో మనం కట్టాల్సిన రుసుము ఒకటుంది. రాత్రికి తలకు 1,200 రూపాయలు. కోవిడ్ తర్వాత 2022 సెప్టెంబరులో సరిహద్దులు తెరిచినప్పటి నుంచి మనవాళ్ళకూ ఇది పెట్టారు, అంతకుముందు మనకు లేదు. మాది ఆరు రాత్రులు, అంటే ఒక్కొక్కరికి 7,200. 22 మందికి కలిపితే 1,58,400. సరిహద్దు దగ్గర ఈ లెక్క వేసుకున్నప్పుడు మాలో గొణగనివాళ్ళు లేరు. "గుడికి కాదు, గోపురానికి కాదు, ఊరికే ఉన్నందుకు కట్టాలా?" అని ఒక అక్క గైడుని అడిగేసింది. ఆ అబ్బాయి నవ్వి, మా దేశంలో బడి, ఆస్పత్రి జనానికి ఉచితం, మీ డబ్బు వాటికి, అడవికి, రోడ్లకు పోతుంది అన్నాడు. వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారట, దేశంలో నూటికి 60 వంతులు ఎప్పటికీ అడవిగానే ఉండాలని.

1974లో బయటి యాత్రికులను మొదటిసారి రానిచ్చినప్పటి నుంచీ ఆ దేశం పద్ధతి ఒకటే. తక్కువ మంది రావాలి, వచ్చినవాళ్ళ వల్ల ఊరికి ఎక్కువ మిగలాలి. కానీ 2019 నాటికి ఏడాదికి మూడు లక్షల మంది పైచిలుకు వచ్చారు. అందులో మూడింట రెండు వంతులకు పైగా మనదేశం వాళ్ళే. ఆ ఏడే దోచులా కనుమలో మన దేశం నుంచి వెళ్ళిన బైకు బృందంలో ఒకాయన స్తూపం మీదికెక్కి ఫోటో దిగితే పెద్ద గొడవైంది. అక్కడున్నవి 108 స్తూపాలు. 2003లో జరిగిన పోరులో చనిపోయిన సైనికుల కోసం రాజమాత కట్టించినవి. మన ఊళ్ళో చనిపోయినవాళ్ళ సమాధి మీద ఎవరైనా ఎక్కి నిలబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

రుసుము పెట్టినందువల్ల అంతా మంచే జరిగిందని మేం చెప్పం. మిగతా దేశాల వాళ్ళకు ఒక్కసారిగా రాత్రికి 200 డాలర్లు చేశారు. అది తట్టుకోలేక 2023లో 100కి దించారు. యాత్రికులు తగ్గితే ముందు దెబ్బ తగిలేది చిన్న హోటలు నడిపేవాళ్ళకు, గైడ్లకు. ప్రభుత్వానికి కట్టే రుసుము ఒక లెక్క, ఊరివాళ్ళ చేతికి అందే డబ్బు ఇంకో లెక్క. ఈ తేడా మాకు పారో లోయలో ఒక ఇంట్లో అర్థమైంది.

ఆ ఇల్లు మట్టి గోడలు, చెక్క కిటికీలు. కప్పు మీద ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గుంటూరు వైపు వాళ్ళం మేం బండిలోంచే కేక పెట్టాం. ఆ మిరపకాయ వాళ్ళకు కారం కోసం కాదు, అదే కూర. పచ్చిమిర్చి, జున్నులాంటి చీజు కలిపి ఉడికిస్తారు, ఎమా దత్షి అంటారు. మిరపకాయ బదులు బంగాళదుంప వేస్తే కేవా దత్షి. పక్కన ఎర్రబియ్యం అన్నం. 2016లో మన దేశం నుంచి వచ్చే పచ్చిమిర్చిని, మందుల అవశేషాలు ఎక్కువున్నాయని, వాళ్ళు ఆపేశారు. ఆ మాట ఆ ఇంటామె చెప్పినప్పుడు మాలో మిర్చి పండించేవాళ్ళు తలలు వంచుకున్నారు. అది ఇంకో సభలో మాట్లాడుకోవాల్సిన విషయం, ఇక్కడితో వదిలేస్తున్నాం.

ఆమెకు హిందీ వచ్చు, మాలో ఇద్దరికి వచ్చు. రాత్రి పొయ్యి చుట్టూ కూర్చుని సంఘం సంగతులు చెబితే ఆమె తన నోటుబుక్కు తెచ్చి చూపించింది. మనం రాసే పద్దు లాంటిదే. మనిషికి పడక ఎంత, భోజనం ఎంత, కట్టెలు ఎంత. వేడిరాళ్ళ స్నానం అని ఒకటుంది. రాళ్ళను నిప్పుల్లో ఎర్రగా కాల్చి చెక్క తొట్టి నీళ్ళల్లో వేస్తారు. ఒళ్ళునొప్పులకు బాగుంటుంది కానీ కట్టెలు చాలా కాలతాయి. అందరం వేరువేరుగా అడిగితే ఆమె కాదనేది కాదు. మేమే మోకాళ్ళ నొప్పులున్న ఆరుగురికి సరిపెట్టాం.

ఆ పుస్తకంలో ఒక వరస ఖాళీగా ఉంది. ఏమిటని అడిగితే, ఒక ట్రావెల్స్ వాళ్ళు మనుషుల్ని పంపి నాలుగు నెలలైంది, డబ్బు ఇంకా రాలేదు అంది. ఇంకోటి కూడా చెప్పింది. కొన్ని జట్లు బియ్యం బస్తాలతో దిగుతాయట. ఆమె ఇంట్లో పడుకుంటారు, ఆమె పొయ్యి వాడతారు, తిండి డబ్బు మాత్రం ఇవ్వరు. పొద్దున్నే ప్లాస్టిక్ సంచులు, నూనె ప్యాకెట్లు పెరట్లో వదిలి వెళ్తారు. చెత్త బండి ఆ లోయలోకి రోజూ రాదు. ఆమె కోపంగా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. మాకు మాత్రం మొదటి కొటేషన్ అప్పుడే గుర్తొచ్చింది. ఆరు వేలు తగ్గేది ఈమె పద్దులోనే.

ఆవకాయ సీసా, కందిపొడి తీసుకెళ్ళండి, ఎవరూ వద్దనరు. మేమూ తీసుకెళ్ళాం. ఆమెకూ పెట్టాం, రెండోసారి అడిగి వేయించుకుంది. మాంసం తినని వాళ్ళం ఏడుగురం ఉన్నాం, ముందే చెబితే పప్పు, కూరలు విడిగా వండింది. వంటమాస్టరు లేకపోతే పస్తులుంటామన్న భయం అక్కర్లేదు.

ఇక కొనుగోళ్ళ సంగతి. అక్కడి ఆడవాళ్ళు కట్టే కిరా నడుముకు కట్టుకునే మగ్గం మీద ఇంట్లోనే నేస్తారు. కిషుతారా అనే పట్టు పనితనానిది అయితే ఒక్క కిరాకే నెలలు పడుతుంది. దుకాణాల్లో మాత్రం అలాంటి డిజైనే మిల్లు బట్టలో, చవకగా, వరసగా వేలాడుతుంటుంది. చాలా మటుకు మన దేశం నుంచి వచ్చిందే. పోచంపల్లి అని చెప్పి ప్రింటు చీర అంటగట్టడం మనకు తెలియనిదా? మన మంగళగిరి వైపు నేత ఇంటి నుంచి వచ్చిన సభ్యురాలు గుడ్డ తిరగేసి చూసి, ఇది చేతిది, ఇది కాదు అని టకటకా చెప్పేసింది. గైడుకే ఆశ్చర్యం. నేసిన మనిషి దగ్గర కొనేటప్పుడు సగానికి అడిగే బేరం మేం పెట్టలేదు. అంత పెట్టలేని వాళ్ళం చిన్న పట్టీలు, సంచులు తీసుకున్నాం.

గైడు గురించి ఒక మాట. థింఫూ, పారో దాటి వెళ్ళాలంటే లైసెన్సున్న గైడు తప్పనిసరి. కొంతమంది అతన్ని బండికి తోడు వచ్చిన కుర్రాడిలా చూస్తారు. మేం మొదటి రోజే అతన్ని కూర్చోబెట్టి, ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అడిగి రాసుకున్నాం. గుడిలో చెప్పులు, టోపీ తీయాలి, లోపల ఫోటో వద్దు. ప్రదక్షిణ మనలాగే కుడివైపుగా. పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు పంచొద్దు, బడి మాని రోడ్డు మీద చెయ్యి చాపడం అలవాటవుతుంది. ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మను అడక్కుండా ఫోటో తీయొద్దు. పునాఖా దారిలో సోప్సోఖా అనే ఊళ్ళో ఇళ్ళ గోడల మీద ఉండే బొమ్మల గురించి కూడా ముందే చెప్పాడు. అవి చూసి మా జట్టులో కొందరు చీరకొంగు నోట్లో పెట్టుకున్నారు. అయినా దగ్గర్లోని గుడికి బిడ్డలు లేని ఆడవాళ్ళు మొక్కుకోవడానికి వస్తారని తెలిశాక ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. వాటి ముందు నిలబడి పకపకా నవ్వుతూ వీడియోలు తీస్తున్న వేరే జట్టును చూస్తే మాకే సిగ్గేసింది.

తక్త్‌సంగ్ గుడి కొండ అంచున, మూడు వేల మీటర్ల ఎత్తు దాటి ఉంటుంది. 1998లో కాలిపోతే తిరిగి కట్టారు. పైన ఫోన్లు, సంచులు బయటే పెట్టించుకుంటారు. సగం దాకా గుర్రాలున్నాయి, దిగేటప్పుడు ఎక్కనివ్వరు. మోకాళ్ళు సరిగా లేనివాళ్ళు సగంలో ఉన్న ఫలహారశాల దగ్గరే కూర్చుని చూడండి, అక్కడి నుంచీ గుడి చక్కగా కనిపిస్తుంది. నీళ్ళ సీసాలు మాత్రం ఇక్కడి నుంచి స్టీలువి తెచ్చుకోండి.

అందుకని మేం 22 మందిమీ కోరేది ఇది. రెండో కొటేషన్‌నే తీసుకుందాం. దానికీ మూడు షరతులు రాద్దాం: మనం ఉన్న ఇళ్ళవాళ్ళకు డబ్బు మనం బయల్దేరే రోజే ముట్టాలి, ఆ రసీదు మనకు చూపించాలి, గైడు కూలి, డ్రైవరు కూలి కొటేషన్‌లో విడిగా కనబడాలి, కమిషన్ దుకాణాలకు తిప్పకూడదు. ఒప్పుకోని ట్రావెల్స్ వాళ్ళతో బేరం వద్దు. ఆరు వేలు కష్టమనుకునే వాళ్ళు ఈ నెల నుంచే విడిగా నెలకు ఐదు వందలు వేసుకుంటే అక్టోబరుకు చాలావరకు సర్దుబాటవుతుంది. మిగతాదానికి ఒక రాత్రి తగ్గించుకునే వీలుందేమో అడుగుదాం. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఓటరు కార్డు చాలు, కానీ అందులో పేరు, ఫోటో సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. పేర్లు గ్రామ సంఘం లెక్కల పుస్తకం రాసేవాళ్ళ దగ్గర ఇవ్వండి. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మేమంతా ఉంటాం, అడగండి.