ముట్టుకోని ఎలుకలు చెప్పిన పాఠం

పట్టాలందుకున్న జీవశాస్త్ర విద్యార్థులకు నా అభినందనలు.

ఒడిశాలోని ఈ కొడల నుంచి మీలో కొందరు బరంపురంలో విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్‌కో, 2016లో అక్కడే మొదలైన సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌కో వెళతారు. కొందరు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వంటి చోట్లకు చేరతారు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు తరలిన ఆ సంస్థకు ప్రయోగశాల జంతువుల పెంపకంలో పెద్ద పేరుంది. మీలో చాలామందికి అక్కడ తొలి పరిచయం తెల్ల ఎలుకతోనే. అందుకే దాని బాల్యం గురించి మాట్లాడతాను.

1950లలో అమెరికాలో సేమోర్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని ఎలుక పిల్లలకు చిన్న విద్యుత్ షాకులిచ్చారు. మరికొన్నిటిని రోజూ తల్లి దగ్గర నుంచి కాసేపు తీసి, షాకివ్వకుండానే తిరిగి పెట్టారు. మిగిలినవాటిని ముట్టుకోనే లేదు. పెద్దయ్యాక ఎక్కువ బెదిరింది షాకు తిన్నవి కాదు, ఎవరూ ముట్టుకోనివి!

కారణాన్ని తరువాత మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం వెదికింది. తిరిగి గూటికి చేరిన పిల్లను తల్లి ఎక్కువగా నాకుతుంది. అలా పెరిగిన పిల్లల మెదడులో, హిప్పోకాంపస్ అనే భాగంలో, ఒత్తిడి హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. దాంతో భయపడినా ఆ హార్మోన్ త్వరగా తగ్గుతుంది. ఆ గ్రాహకపు జన్యువుపై, దాని పనిని అణచే మిథైల్ రసాయన గుర్తులు తగ్గడం ఇందులో భాగమని 2004లో ఆ బృందం చూపింది. కానీ రోజూ గంటల తరబడి తల్లికి దూరం చేస్తే చాలా ప్రయోగాల్లో ఫలితం తారుమారైంది.

ఇందులో మీకు పనికొచ్చేవి రెండు. మొదటిది, “ఏమీ చేయని” గుంపు కూడా ప్రయోగంలో భాగమే. బోను ఎవరు శుభ్రం చేశారో, పిల్లను ఎవరు ఏ వయసులో ఎత్తారో నోటుబుక్కులో రాయండి. ఆ పని చేసే సహాయకుణ్ణి పేరు పెట్టి, గౌరవంగా పలకరించండి. ఫలితం చెడిపోయిన రోజున కారణం ముందుగా చెప్పగలిగేది ఆయనే.

రెండోది, ఎలుక తల్లిని చూసి మనుషుల్లోని తల్లులపై తీర్పు చెప్పకండి. బాల్యం బలంగా పనిచేస్తుంది, కానీ అదే చివరిమాట కాదు. తల్లికి దూరమై పెరిగిన ఎలుకలను తరువాత ఆటవస్తువులు, తోటి ఎలుకలున్న విశాలమైన బోనులో ఉంచితే ఒత్తిడికి స్పందించే తీరు మెరుగుపడిందని ప్రయోగాలు చూపాయి.

రేపు మీ చేతికొచ్చే ప్రతి ప్రాణినీ మెత్తగా పట్టుకోండి, నిజాయితీగా నమోదు చేయండి. మీకు శుభం కలగాలి.