ఇంటి దగ్గరే బైక్ ఇంజన్ ఆయిల్ మార్పు

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని విడిభాగాల దుకాణాల్లో దొరికే ఇంజన్ ఆయిల్ డబ్బా మీది గుర్తులు అర్థమైతే, బైక్ ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం తేలికవుతుంది. 10డబ్ల్యూ-30 అనే గుర్తులో మొదటి అంకె చలిలో, రెండోది వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్‌కు ఉండే చిక్కదనాన్ని తెలుపుతుంది. క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి పనిచేసే బైకులకు, అవి జారకుండా చూసే ‘జాసో ఎంఏ’ ప్రమాణం కూడా అవసరం.

ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే, పలచబడిన పాత ఆయిల్ మడ్డితో సహా దిగుతుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి, కింద పళ్లెం పెట్టి, డ్రెయిన్ బోల్టును, అంటే ఆయిల్ దింపే మరను, రింగు పానాతో విప్పాలి. బిగించేటప్పుడు కొత్త వాషర్ వేసి, మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. బోల్టు వంకరగా ఎక్కితే మెత్తని అల్యూమినియం మరచుట్లు అరిగి, ఆయిల్ కారడం మొదలవుతుంది. హీరో స్ప్లెండర్‌కు సుమారు 900 మిల్లీలీటర్లు పోసి, ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాలయ్యాక డిప్‌స్టిక్‌పై, అంటే మట్టం చూపే పుల్లపై, ఆయిల్ రెండు గీతల మధ్య ఉందని నిర్ధారించుకోవాలి.

వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని కాలువలో పారబోస్తే పికెట్ నాలా వంటి వాటి గుండా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది కనుక, మూత బిగించిన డబ్బాలో నింపి, నమోదైన రీసైక్లర్లకు పంపే సర్వీసు కేంద్రానికే అప్పగించాలి.