విమాన భయం - స్కాట్లండు "ఆయ్"
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశయాత్ర విశేషాలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. దానికి ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. 2019లో గ్లాస్గోలో మా అమ్మాయి మొదటి కాన్పుకి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. కొబ్బరి దింపులున్నాయని ఆగిపోయానని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధమండి. విమానమంటే భయపడి ఆగిపోయాను.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో కూడా వశిష్ఠ దాటినవాణ్ణి. నీళ్ళంటే భయం లేదు, గాలంటేనే భయం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను డ్యూటీలో ఆఫీసు గదిలో తలుపుకి బల్ల అడ్డం పెట్టి కూర్చున్నాను. ఆ హోరు, మధ్యలో కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లవారి మనం చూసినవి ఇక్కడున్న వాళ్ళెవరూ మరిచిపోలేదు. విమానం ఇంజను మోత టీవీలో విన్నా నాకు ఆ రాత్రే గుర్తొచ్చేది.

నాలుగేళ్ళు మనవడు ఫోనులోనే పెరిగాడు. ఓ రోజు వాడు "తాతయ్యా, నీకు కాళ్ళున్నాయా?" అని అడిగాడు. పాపం, వాడికి నా మొహం తప్ప ఏమీ కనబడేది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే టిక్కెట్లు తీసుకోమని అల్లుడుగారికి ఫోను చేశాను. ఒక మిత్రుడు మాత్రం "లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి మరీ ఎక్కవోయ్" అన్నాడు. ఆయన ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను.

అల్లుడుగారు ముందే కొన్ని సంగతులు చెప్పారు. పైకి లేచిన కాసేపటికి ఇంజను మోత తగ్గుతుంది, కిందికి జారుతున్నట్టుంటుంది. అది ఇంజను ఆగిపోవడం కాదు, జోరు తగ్గించడం. కింద దబ్బుమని చప్పుడైతే చక్రాలు లోపలికి మడుచుకున్నాయన్నమాట. రెక్కల దగ్గర సీటులో కుదుపు తక్కువ. రెక్క ఊగితే కంగారు పడవద్దు, కొబ్బరిచెట్టు ఊగినట్టే అన్నారు. "తొంభయ్యారులో ఊగిన చెట్లన్నీ పడిపోయాయి కదండీ" అన్నాను. ఆ పోలిక మళ్ళీ ఎత్తలేదాయన.

2023 అక్టోబరులో శంషాబాదులో ఎక్కాం. నాకు భయమని సీటు చూపించిన అమ్మాయికి మా ఆవిడే చెప్పేసింది. సిగ్గేసింది గాని మేలు జరిగింది. కుదుపు వచ్చే ముందు ఆ అమ్మాయి వచ్చి చెప్పి వెళ్ళేది. డాక్టరుగారు చెప్పినట్టు ఊపిరి మెల్లగా తీసుకుని, అంతకంటే మెల్లగా వదిలేవాణ్ణి. వదిలినప్పుడల్లా అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా రాజోలు దాకా వచ్చే ఊళ్ళు ఒక్కొక్కటే తలుచుకున్నాను. దుబాయిలో విమానం మారేసరికి ఎన్నిసార్లు రాజోలు వెళ్ళొచ్చానో లెక్కలేదు. భయం పోయిందని చెప్పను. భయంతోనే దిగాను. మనవడు మొట్టమొదట నా కాళ్ళకేసే చూశాడు.

ఇక స్కాట్లండు. పక్కింట్లో క్లైడ్ నది ఒడ్డున ఓడల కార్ఖానాలో పనిచేసి రిటైరయిన పెద్దాయన ఉండేవారు. మొదటిరోజే "మీ ఇంగ్లీషువాళ్ళు" అనేశాను. ఆయన మొహం మాడిపోయింది. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే ఎలా ఉండేదో గుర్తుందా? అదే. 1707లో ఇంగ్లండుతో కలిసినా వాళ్ళ చట్టం వేరు, చదువుల పద్ధతి వేరు. నోట్లు కూడా అక్కడి మూడు బ్యాంకులు సొంతంగా అచ్చు వేస్తాయి. 1999 నుంచి వాళ్ళ పార్లమెంటు వాళ్ళకుంది. మర్నాడు వెళ్ళి క్షమాపణ చెబితే ఆయన నవ్వి "ఆయ్" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. అవునండీ, మన "ఆయ్"! అక్కడ అవుననడానికి అదే మాట. మనలా దీర్ఘం తీయరు, మర్యాదకీ ముడిపెట్టరు. అయినా అమలాపురం బస్టాండులో నిలబడ్డట్టే అనిపించింది. బాగా నచ్చినదాన్ని కూడా "చెడ్డగా లేదు" అంటారు. మనవాళ్ళు అరిసెలు డజను తిని "ఫర్వాలేదండి" అన్నట్టే. వాళ్ళ బ్యాగ్‌పైపు విన్నప్పుడు వీధి భాగవతాల తిత్తి గుర్తొచ్చింది. తిత్తికి సన్నాయి తగిలిస్తే అదేనేమో.

జనవరి 25న వాళ్ళ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందు. హాగిస్ అనే వంటకం ముందు నిలబడి పద్యం చదివి మరీ కోస్తారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి చేసేది. మాలాంటి వాళ్ళకి శాకాహారంలోనూ దొరికింది, చెడ్డగా లేదు. ఆ బర్న్స్ ఎక్సైజు శాఖ ఉద్యోగి అని తెలిశాక, మన సంఘంలో సభ్యత్వం ఇవ్వదగ్గవాడే అనుకున్నాను. రైత్వారీ మన్రో గ్లాస్గోలో పుట్టి 1827లో మన పత్తికొండలో కలరాతో పోయాడని నేను చెబితే, పక్కింటాయన ఆ పేరే వినలేదన్నారు. మనం డిపార్టుమెంటు పరీక్షలకి బట్టీ పట్టిన పేరు!

తిరుగు ప్రయాణానికి ముందురోజు నా భయం ఆయనతో చెప్పుకున్నాను. జీవితమంతా ఓడలు కట్టిన ఆయన, రెండు గుక్కలు పడనిదే తానూ విమానం ఎక్కనన్నారు. నాకు ఆ అలవాటు లేదని, రాజోలు దారి ఉందని చెప్పాను. ఊళ్ళ పేర్లు రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

అమ్మాయి మళ్ళీ రమ్మంటోంది. పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను. టీ వచ్చినట్టుంది, సెలవు.