ఎవరు ఎక్కడ ఆడాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

"ఆటల గురించి ఏదైనా చెప్పండి, కానీ పది నిమిషాల్లో ముగించండి" అన్నారు కార్యదర్శిగారు. ముప్పై ఏళ్లు వేరే బడుల్లో పీఈటీగా విజిల్ ఊదినవాణ్ణి కాబట్టి టైము సంగతి నాకు వదిలేయండి.

మన గ్రౌండ్ మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పక్క వేపచెట్టు, ఇంకో పక్క నల్లా. గోల్‌పోస్టులంటే రెండు పుస్తకాల సంచులు. ఏడుగురికి ఏడుగురు చొప్పున ఆడేవాళ్లం. నేను సెంటర్ ఫార్వర్డ్‌ని. లాల్ దర్వాజా నుంచి అలియాబాద్ దాకా నా ఆట తెలియని పిల్లవాడు లేడని అప్పట్లో నా నమ్మకం.

1974లో పదో తరగతి పరీక్షలకు ముందు మన పీటీ సారు నన్ను పక్కకు పిలిచారు. "కాలేజీకి పోతే నువ్వు ముందల ఆడవురా, హాఫ్ బ్యాక్ ఆడుతవ్" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఎందుకని అడిగాను. "ఈ గ్రౌండ్‌ల పది అడుగులు ఉరికితే గోల్ వస్తది. ఆడ వంద గజాలుంటది. నీ ఉరుకుడు ఆ పది అడుగులదే. కానీ బాల్ ఏడికొస్తదో నీకు అందరికన్న ముందుగాల ఎరుక. అది వెనకున్నోనికి కావాలె" అన్నారు. వారం రోజులు సారుతో మాట్లాడలేదు.

మూడు నెలల తర్వాత ఒక కాలేజీ సెలెక్షన్‌కు వెళ్లాను. నలభై మందిమి వచ్చాం. ఎక్కడ ఆడతారని అడిగితే ముప్పై మంది సెంటర్ ఫార్వర్డ్ అనే చెప్పారు. ప్రతి బడిలోనూ బాగా ఆడేవాణ్ణి ముందు పెడతారు కదా! "హాఫ్ ఎవరైనా ఆడతారా?" అని సెలెక్టర్ అడిగాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. అలా టీములోకి వచ్చాను. స్పోర్ట్స్ కోటా వల్ల ఫీజు తప్పింది. మా నాన్నకు అది చిన్న సంగతి కాదు.

ఈ విద్యలో మన హైదరాబాదుకు పెద్ద పేరుంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు శిక్షణ ఇచ్చారు. ఆ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో మళ్లీ బంగారం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆయన పిల్లలకు పెట్టిన పోటీలు వినండి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ కుదరదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకోదాంట్లో బలమైన కాలు వాడకూడదు, ఎడమ కాలితోనో, అలవాటు లేని కాలితోనో ఆడాలి. మామూలు మ్యాచ్‌లో గుంపు మధ్య నుంచి బంతిని తోసుకుపోయే పిల్లవాడే కనిపిస్తాడు. ఈ పోటీల్లో తల ఎత్తి చుట్టూ చూసేవాడు బయటపడతాడు. పిల్లవాడిలో ఇంకా ఏముందో చూడటానికి అది ఒక దారి.

సికిందరాబాద్ క్లబ్బుల్లో ఆడిన పీటర్ తంగరాజ్ మొదట సెంటర్ ఫార్వర్డ్. 1953లో సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడుతూ గోల్ కీపర్‌గా మారాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఆసియాలోనే పేరుమోసిన కీపర్ అయ్యాడు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద మన గోల్ కాచింది ఆయనే. అదే మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ ముందు ఆడాడు. అంతకుముందు థాయ్‌లాండ్‌తో ఆటలో అతని తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడించడం కష్టమని రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు. ఫైనల్ 2-1తో గెలిచాం. ముందు నుంచి వెనక్కి వచ్చినవాడొకడు, వెనక నుంచి ముందుకు పోయినవాడొకడు, ఇద్దరూ ఒకే మైదానంలో. బయటి దేశాల్లోనూ ఇంతే. థియెరీ హెన్రీ వింగ్‌లో ఆడేవాడు, 1999లో ఆర్సెనల్‌కు వచ్చాక వెంగర్ అతన్ని స్ట్రైకర్‌ని చేశాడు.

ఇవన్నీ తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. ఈ రోజు మీ ముందు చెప్పాలనుకున్నది అదే.

నేను పనిచేసిన ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. క్లాసులో అందరికంటే పొడుగు. అందుకే గోల్లో నిలబెట్టాను. "సార్, ఒక్క రోజు ముందు ఆడనీయండి" అని మూడుసార్లు అడిగాడు. ఇంటర్ స్కూల్ పోటీలున్నాయి, తర్వాత చూద్దామన్నాను. రెండేళ్లు వాడి చేతుల మీద మ్యాచ్‌లు గెలిచాం, షీల్డు హెడ్మాస్టర్ గదిలో పెట్టాం. పదో తరగతికి వచ్చేసరికి మిగతా పిల్లలు ఎదిగారు, వాడు అక్కడే ఆగాడు. కొందరు పదమూడేళ్లకే ఎదిగిపోతారు, ఆ తర్వాత పెద్దగా పెరగరు. పీఈటీగా నాకది తెలియాలి. ఎనిమిది అడుగుల ఎత్తు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు ఉన్న గోలుకు ఆ ఎత్తు చాలదని కాలేజీ వాళ్లు వద్దన్నారు. ఇంకెక్కడైనా ఆడదామంటే కాలితో ఆడే అవకాశం నేను వాడికి ఇవ్వనే లేదు. ఆట మానేశాడు.

మూడేళ్ల కింద ఛత్రినాకలో ఒక ఎలక్ట్రికల్ షాపుకు వెళ్తే కౌంటర్ వెనక వాడే. లేచి దండం పెట్టి, చాయ్ తెప్పించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మాటల మధ్యలో మాత్రం, "ముందు ఆడితే ఎట్ల ఆడేటోణ్ణో, నాకు ఇప్పటికీ తెల్వద్ సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ చాయ్ నాకు గొంతు దిగలేదు. కాలేజీలో ఆడలేకపోవడం చాలామందికి జరిగేదే. తాను ఏం ఆడగలడో తెలుసుకునే వీలు కూడా లేకుండా చేసింది మాత్రం నేను. అది కూడా ఒక షీల్డు కోసం.

ఇక్కడున్న కొత్త పీఈటీలకు నా అనుభవంతో నాలుగు మాటలు. తొమ్మిదో తరగతి అయ్యేదాకా ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి అమ్మాయినీ గోల్లో, వెనక, మధ్యలో, ముందు కొన్ని వారాలపాటు ఆడించండి. ఎన్ని గోల్స్ కొట్టాడని కాదు, బంతి అందకముందు భుజం తిప్పి వెనక్కి చూశాడా అన్నది గమనించండి. బంతి పోగొట్టుకున్నాక నడుం మీద చేతులు పెట్టుకు నిలబడ్డాడా, వెంటపడ్డాడా అన్నది చూడండి. ఈ ఏడు ఎత్తు చూసి వచ్చే ఏటి సంగతి తేల్చకండి. స్థానం మార్చినప్పుడు కారణం చెప్పండి. మా సారు నాకు చెప్పారు కాబట్టే నా చెయ్యి లేచింది.

లెక్కల సారూ, మీరు నవ్వుతున్నారు గానీ ఈ మాట మీక్కూడా వర్తిస్తుంది. తొమ్మిదో తరగతిలో ఒక పరీక్ష మార్కులు చూసి "వీడు ఎంపీసీకి పనికిరాడు" అని మనం ఎంతమందికి చెప్పలేదు?

చివరగా సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో గ్రౌండ్‌లో కొత్త హాలు కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. ఉన్నదే ఏడుగురి గ్రౌండు. అందులో హాలు కడితే పిల్లలకు నల్లా దగ్గర నిలబడే చోటు మిగులుతుంది. హాలు మేడ మీద కట్టుకుందాం. కింద నిజమైన గోల్‌పోస్టులు రెండు పెడదాం. వాటి ఖర్చుకు నా వంతు నేను ఈ రోజే కార్యదర్శిగారికి ఇచ్చి పోతాను.

పది నిమిషాలు అయినట్టున్నాయి. విజిల్ ఊదేలోపే కూర్చుంటాను.