మీటరు ఒకటి చెప్పింది, సీటు ఒకటి చెప్పింది

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు కరువు భృతి బకాయిల మీద మాట్లాడతాననుకున్నట్టున్నారు. ఆ విషయం నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే యాభై మంది ఉన్నారు. నేను కారు సీట్ల గురించి, అందులోనూ తోలు సీట్ల గురించి చెబుతాను. నవ్వకండి. ఆ సంగతి తెలియక నేను డెబ్బై వేలు పోగొట్టుకున్నాను. పిల్లలు దూరాన ఉండి, ఆస్పత్రికి ఆటోలో వెళ్లలేక, పాత కారు ఒకటి కొందామా అని ఆలోచిస్తున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

ముందు నా అర్హత మనవి చేసుకుంటాను. 1973లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. అందులో పద్నాలుగేళ్లు వాహనాల సీటు నాది. లాగ్‌బుక్కులు, పెట్రోలు బిల్లులు, టైర్ల నోట్లు, కండెమ్ చేసే ప్రతిపాదనలు, అన్నీ నా బల్ల మీదుగా వెళ్లాల్సిందే. మీటరు కేబులు ఊడదీసి బండి తిప్పిన ఒక డ్రైవరును పెట్రోలు లెక్క వేసి పట్టుకున్నవాణ్ని కూడా. అప్పుడు మాకున్నవి జీపులు, అంబాసిడర్లు. వాటి సీట్లు తోలువి కావు, రెక్సినువి. అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. పైన తెల్ల తువ్వాలు. ఆ తువ్వాలు తీస్తే ఆఫీసరు గారు కూర్చునే వెనక ఎడమ పక్క గుంట పడి ఉండేది, కుడి పక్క కొత్తదానిలా ఉండేది. కండెమ్ నోటులో ఇంజిను గురించి మూడు పేరాలు రాసి, సీట్ల గురించి ‘పూర్తిగా శిథిలం’ అని ఒక్క ముక్క రాసేవాణ్ని. ఎందుకు శిథిలమయ్యాయో ఏనాడూ ఆలోచించలేదు. ఆ అంబాసిడర్ల తయారీ కూడా 2014లో ఆగిపోయింది.

2019లో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం గడువు తీరి కొంత డబ్బు చేతికొచ్చింది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఏడేళ్ల పాత కారు ఒకటి చూశాం. లోపల తోలు సీట్లు. మీటరు మీద ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు. నాకు ఆ అంకె చూడగానే మనసు కుదిరిపోయింది. మా ఆవిడ మాత్రం డ్రైవరు సీటు మీద చెయ్యి వేసి, “ఏమండీ, ఈ సీటు చూశారా? పాతిక కాపురాలు చేసిన పరుపులా ఉంది” అంది. అమ్మేవాడు వెంటనే, “అమ్మగారూ, ఒరిజినల్ లెదర్ అంటే అంతేనండీ, సాగుతుంది” అన్నాడు. నేనూ ఆవిడ వైపు తిరిగి, “నీకు కార్ల గురించి ఏం తెలుసు?” అన్నాను. ఆ మాట ఈ వేదిక మీద చెప్పమని ఆవిడే అంది.

నాలుగు నెలలకు బండి మొరాయించింది. కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళితే, బండి నంబరు కొట్టి కంప్యూటరులో పాత సర్వీసుల చిట్టా తీశారు. రెండేళ్ల కిందట అదే బండి తొంభై రెండు వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకు వచ్చింది! కేబులు మీటర్ల మోసం పట్టుకున్న నేను, అంకెలు వెలిగే మీటరును ఎవరు తిప్పగలరులే అనుకున్నాను. అమ్మినవాడి పేరు చెప్పను. అడిగితే తనకూ తెలియదన్నాడు. అసలు ధరకన్నా డెబ్బై వేలు ఎక్కువ ఇచ్చామని మావాడు లెక్కకట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది సీటు. మా గుంటూరు నుంచి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి, సీట్ల పని చేసే ఒక మేస్త్రీకి చూపించాను. అతను సీటు విప్పుతుంటే పక్కనే స్టూలు వేసుకుని రెండు గంటలు కూర్చున్నాను. ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఏ ట్రైనింగులోనూ అంత నేర్చుకోలేదు.

మొదట అతను చెప్పింది, సీటంతా తోలు కాదని. కూర్చునే మధ్య భాగం, వీపు ఆనే భాగం మాత్రమే తోలు. పక్కలు, వెనక వైపు కృత్రిమం. తిరగేసి చూపించాడు. తోలు వెనక వైపు నూగులా పీచు ఉంటుంది. కృత్రిమమైతే గుడ్డ నేత కనబడుతుంది. రెండూ ఒకేలా పాతబడవు. కృత్రిమం పెద్దగా సాగదు కానీ, వయసు మీరాక పెళుసెక్కి పెచ్చులు లేస్తుంది. లేచిందంటే దానికి మందు లేదు.

అసలు తోలు పీచుల అల్లిక. మన చిన్నప్పుడు ఊళ్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసిన తోలుతో చెప్పులు కుట్టేవారు. కొత్తలో కరిచేవి. పది రోజులకు పాదానికి తగ్గట్టు సాగి, మరొకరి కాలికి పనికిరాకుండా పోయేవి. ఇప్పటి సీట్ల తోలు ఫ్యాక్టరీల్లో రసాయనాలతో పదునైనా, గుణం అదే. మనిషి బరువు, ఒంటి వేడి, చెమట తడి కలిస్తే పీచులు కొంచెం జరుగుతాయి. లేచాక చాలావరకు వెనక్కి వస్తాయి, పూర్తిగా రావు. రోజూ మిగిలిపోయే ఆ కాస్త ఏళ్ల తరబడి పోగవుతుంది. పశువు వీపు తోలు గట్టిది, పొట్ట తోలు ఎక్కువ సాగుతుంది. కాబట్టి సీటు కుట్టినవాడు ఏ ముక్క ఎక్కడ వాడాడన్నది కూడా ఉంటుంది.

అయితే మా సీటులో తోలు సాగింది కొంతే. అసలు దోషి లోపలి ఫోము. తలుపు వైపు అంచున ఉబ్బెత్తుగా దిండులా ఉంటుంది చూడండి, అక్కడ ఫోము నలిగి పొడి రాలింది. లోపలి దిండు చిక్కిపోతే పైనున్న గలీబు వదులై ముడతలు పడదా? అదీ సంగతి. మధ్యలో నాలుగు మెత్తని ముడతలుంటే అది వయసు. తలుపు వైపు అంచు కుంగి, రంగు అరిగి, లోపలి పీచు కనబడుతుంటే అది వేలసార్లు ఎక్కి దిగిన గుర్తు. “ముప్పై ఎనిమిది వేలకు ఇలా అవ్వదు సార్, ఇది బాగా తిరిగిన బండి” అన్నాడు మేస్త్రీ. చూసీ చూడగానే మా ఆవిడ అన్నదీ అదే.

ఒక్క జాగ్రత్త. లావుపాటి మనిషి నడిపినా, రోజంతా ఎండలో నిలబెట్టినా తక్కువ తిరిగిన బండి సీటు కూడా పాడవుతుంది. కాబట్టి సీటు ఒక్కటే చూసి ఎవరినీ దొంగ అనకూడదు. సీటు, స్టీరింగు, పెడల్ రబ్బర్లు మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి. చెప్పకపోతే సర్వీసు చిట్టా అడగాలి. చిట్టా ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

మేస్త్రీ అంచుకు కొత్త ఫోము అతికించి, తోలుకు కాస్త ఆవిరి పట్టి, లాగి బిగించి, అరిగినచోట రంగు వేశాడు. నాలుగు వేల అయిదు వందలు తీసుకున్నాడు. డబ్బు లెక్కపెడుతూ, “సార్, మీరు కూడా సీటు మీద జారుతూ దిగుతున్నారు, అందుకే అంచు పోతుంది” అని మందలించాడు. మన మోకాళ్లతో మనం చేసేది అదే! ముందు సీటు మీద నిండుగా కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపల పెట్టుకోవాలట. దిగేటప్పుడు ముందు కాళ్లు బయట పెట్టి, హ్యాండిలు పట్టుకుని లేవాలి. సీటుకూ మంచిది, నడుముకూ మంచిది.

నేను చేసిన తెలివితక్కువ పనులు రెండున్నాయి. తోలు కదా అని కొబ్బరి నూనె రాశాను. సీటు తోలు మీద రంగు, దాని మీద పల్చటి పూత ఉంటాయి. నూనె లోపలికి ఇంకక జిడ్డయి, దుమ్ము పట్టి, నా తెల్ల పంచె పాడైంది. 2020లో కరోనా భయంతో శానిటైజరు చల్లి తుడిచాను. గుడ్డకు సీటు రంగు అంటుకొచ్చింది. తడి పిండేసిన మెత్తని గుడ్డ, మరీ మురికైతే కొద్దిగా సబ్బు నీళ్లు, అంతే చాలు. మే నెలలో నీడన నిలపండి, వీలుకాకపోతే అద్దానికి అట్ట అడ్డం పెట్టండి. వెనక జేబులో పర్సు, తాళాలు పెట్టుకుని కూర్చోకండి.

ఈ అయిదారేళ్లలో డ్రైవరు సీటు బాగానే నిలిచింది. ముందు ఎడమ సీటు మీద మాత్రం కొత్తగా రెండు ముడతలొచ్చాయి. మేస్త్రీకి చూపిద్దామా అంటే, “అవి నావి, ఉండనివ్వండి” అంది మా ఆవిడ.

పాత కారు కొనదలచినవారు ఏ ఆదివారం ఉదయమైనా మా ఇంటికి కబురు చేయండి, ఇద్దరం వచ్చి చూస్తాం. నేను కాగితాలు చూస్తాను, ఆవిడ సీటు చూస్తుంది. సెలవు.