ఏడు ధన్యతలు – మెట్టసీమ శ్రోతలు



గ్రామోపదేశుల స్మృత్యర్థము వీరులపాడున ఏర్పాటయిన ఈ సభయందు బైబిలునందలి ప్రకటన గ్రంథమును గూర్చి ప్రసంగింతునని తెలిసినప్పుడు, మృగసంఖ్యయైన 666 యొక్క మర్మమునో, నాలుగు గుఱ్ఱముల రౌతులనో నేను వివరింతునని మీలో కొందఱు ఎదురుచూచియుందురు. ఆ భయానక దృశ్యములను వర్ణించుటకు మనకు వక్తల కొఱత ఎన్నడును లేదు. అందఱి దృష్టియు వానిపైననే నిలిచియుండుటచేత, అదే గ్రంథమున మొదటి అధ్యాయము మొదలు చివరి అధ్యాయము వఱకు ఏడు తావుల పొదుగబడిన ధన్యవచనములు వినియు విననట్లు గడచిపోవుచున్నవి. అంత్యకాలమున విశ్వాసులకు కలుగునని చెప్పబడిన ఆ వరములను నందిగామ పరిసరములైన ఈ మెట్టసీమ మాలమాదిగపల్లెల జనులు ఏ చెవితో వినిరి, తమ బ్రతుకునందలి ఏ లోటునకు అవి ప్రత్యుత్తరముగా వారికి తోచినవి అనునదే నా ప్రసంగవిషయము. కాలనిర్ణయము చేయు పండితులకంటె ఈ శ్రోతలే ఆ గ్రంథమునకు చేరువవారని నా తలంపు.

ఏడింటిలో మొదటిది, 1వ అధ్యాయము 3వ వచనమున నున్నది, చదువువానికిని, వినువారికిని, విని గైకొనువారికిని చెందినది. చదువువాడొక్కడు, వినువారు పెక్కండ్రు; మొదటి శతాబ్దపు చివర ఆసియాసీమయందలి ఏడు సంఘములలో నడచిన పద్ధతి యిదియే, పందొమ్మిదవ శతాబ్దమున నందిగామ పరిసరములలో నడచిన పద్ధతియు నిదియే. 1841లో మచిలీపట్టణమున దిగిన సి.ఎం.ఎస్. (చర్చి మిషనరీ సొసైటీ) మిషనరీలలో రాబర్టు నోబులు దొరగారు అగ్రవర్ణ బాలుర విద్యను నమ్ముకొని పాఠశాల నెలకొల్పగా, మెట్టసీమకు ద్వారము తెఱచినవాడు మాత్రము రాఘవాపురపు మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య. అనేక దేవతలను విడిచి ఒక్క దేవుని కొఱకు వెదకుచుండిన ఆతడు 1859లో ఆ మిషను వారైన టి.వై. డార్లింగు దొరగారి వలన బాప్తిస్మము పొందిన పిమ్మట, అక్షరము ముఖమెఱుగని పల్లెలు ఒక్కటొక్కటిగా కదలినవి. ఆ పల్లెలకు పుస్తకమనగా ఉపదేశి కంఠస్వరమే. ఇందొక విచిత్రము కలదు. ఆ మిషను వెంట వచ్చిన ఆంగ్లికను ప్రార్థనాక్రమమునందు 1662 నాటి నిత్యపాఠముల పట్టికలో ప్రకటన గ్రంథమునకు ఇంచుమించుగా చోటే లేదు. ఏవో కొన్ని పండుగలకు కొన్ని భాగములు వచ్చెడివి, అంతియే. 1871 నాటి సవరణతో గాని అది దినదిన పఠనమునకు రాలేదు. చదువువాడు ధన్యుడని మొదలిడిన పుస్తకమునే చదువక విడిచిన ఆ పెద్దల జంకు నాకు అర్థము కాకపోలేదు. రాజ్యములను తలక్రిందులు చేయు పుస్తకమది, వారో రాజ్యమేలువారు.

వాగ్దానములలోని వస్తువు నొకపరి పరికింపుడు. 7వ అధ్యాయమున తెల్లని వస్త్రములు ధరించినవారికి ఆకలిదప్పుల బాధ తొలగుటయే కాక, ఎండదెబ్బయు తగులదని చెప్పబడినది. చలిదేశముల వ్యాఖ్యాతలు ఈ కడపటి వరమును తడవక దాటుదురు. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు రాకమునుపు వానమీదనే ఆధారపడిన ఈ సీమలో, రోహిణికార్తె యెండకు నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చిన చేలలో కూలికి పోయినవారికి దానిని వ్యాఖ్యానించి చెప్పవలసిన పనిలేకపోయెను. 21వ అధ్యాయమునను 22వ అధ్యాయమునను జీవజలము కోరినవారికెల్ల ఉచితముగా దొరకునని యున్నది. ఊరిబావిలో చేద వేయ హక్కులేక, కడవతో దూరమున నిలిచి, పైకులపువారెవరైన దయదలచి వంచి పోయు నీటికై ప్రొద్దెక్కువఱకు కాచుకొన్న ఇల్లాలు నీటికి చెల్లించిన మూల్యము పైకము కాదు. ఆ నిలుచుట, ఆ బ్రతిమాలుట, నడుమ నడుమ పడు తిట్లు. ఇవన్నియు లేని నీరొకటి గలదని ఆమె విన్నది. ఇక నాలుగవ ధన్యత, 19వ అధ్యాయమునందలిది, గొఱ్ఱెపిల్ల పెండ్లివిందునకు పిలువబడినవారిది. మన పెండ్లిపందిళ్లలో ఎవరు ఏ బంతిని కూర్చుందురో, బంతులన్నియు లేచిన తరువాత పందిరి వెలుపల ఎవరు ఆకు పట్టి నిలుతురో ఎఱిగిన శ్రోతకు, విందులోని పదార్థములకంటె పిలుపే మిన్నగా వినవచ్చెననుటలో వింత యేమున్నది?

అయితే ఇచ్చట ఒక అప్రియమైన మాట చెప్పక తప్పదు. ఆ విందునకు ముంగుర్తుగా ఆచరింపబడు ప్రభురాత్రి భోజనమందే మాలలు, మాదిగలు వేఱువేఱుగా కూర్చుండి, ఒకరు త్రాగిన పాత్రను వేఱొకరు ముట్టుటకు శంకించిన సంఘములు తెనుగుదేశమున నుండెను. 1912లో దోర్నకల్లు అధ్యక్షపీఠమునకు అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషపయిన వి.ఎస్. అజరయ్యగారు 1945లో గతించువఱకు ఈ భేదముతో పెనగులాడిరి. ఆ పెనగులాట ముగిసినదని నేను చెప్పజాలను.

రెండవ ధన్యత, 14వ అధ్యాయమున, ప్రభువునందు మృతులగువారిది: వారికి ప్రయాస తీరును, వారు చేసిన క్రియలు వారిని వెంబడించును. ఏడాది జీతమునకు పాలేరుగా కుదిరి, తాను దున్నినది, కోసినది, నూర్చినది సర్వమును ఆసామి గాదెకు నడచుట చూచినవానికి, తన పని తన వెంట వచ్చుననుట విశ్రాంతికంటె అపురూపమైన మాట. యెషయా 65వ అధ్యాయమునందలి నూతనసృష్టియు ఇట్టిదే. కట్టినవారే ఆ యిండ్ల కాపురముందురు, నాటినవారే ఆ ఫలముల ననుభవింతురు. రెండవ శతాబ్దమునాటి పపియాసు, క్రీస్తు చేయు వెయ్యేండ్ల పాలనలో ఒక్కొక్క ద్రాక్షతీగెకు పదివేల కొమ్మలుండునని బోధించెనని ఇరేనియసు వ్రాసెను. అగస్టీను పండితుడు ఇట్టి భౌతికమైన ఆశలకు విముఖుడై, ఆ వెయ్యేండ్లు సంఘముయొక్క ప్రస్తుతకాలమేయని అర్థము చెప్పెను. అగస్టీను గొప్పవాడే, కాని ఆకలిగొన్న పల్లెకు పపియాసు ద్రాక్షతోట హాస్యాస్పదము కాదు.

శుభపాలనను గూర్చిన కల ఈ సీమకు క్రైస్తవముతోనే వచ్చినది కాదు. పూర్వము బేతవోలుగా నుండిన జగ్గయ్యపేటలోని బౌద్ధస్తూపపు శిల్పములను పురాతత్త్వజ్ఞుడైన బర్జెసు దొర 1887లో ప్రకటించెను. వానిలో మాంధాతగా గుర్తింపబడిన చక్రవర్తి ఫలకమొకటి సుప్రసిద్ధము. సప్తరత్నములు చుట్టును నిలువ, రాజు చేయెత్తగా మేఘముల నుండి నాణెముల వాన కురియుచుండును. ప్రకటన గ్రంథముకంటె ప్రాచీనమైన శిల్పమది. అందు వర్షము చక్రవర్తి చేతి మహిమ. ప్రకటన గ్రంథకర్తయైన యోహాను దర్శనమునందు కన్నీరు తుడుచుటకు దేవుడే వంగుచున్నాడు. నాకు ఈ రెండవది హెచ్చుగా నచ్చును, ఆ శిల్పి పనితనము మాత్రము సాటిలేనిది.

ఇక క్రీస్తు రాకడకు తేదీలు కట్టు సంగతి. అమెరికాదేశపు విలియం మిల్లరు లెక్కల ననుసరించి 1844 అక్టోబరు 22న క్రీస్తు రాకకై కాచియున్న వేలాది జనులు మఱునాడు ఏడ్చుచు ఇండ్లకు మరలిరి. ఇంగ్లండు, ఐర్లండులలో డార్బీ మొదలగువారి సహోదర సమాజమున రాకడ చింతన తీవ్రమయినది. ఆ సమాజమునకు చెందిన గ్రోవ్సు పిలువగా 1836లో వచ్చిన బౌడెను, బీరు దంపతులు గోదావరీ మండలమున నరసాపురమును కేంద్రముగా చేసికొనిరి. 1938లో ముంగమూరి దేవదాసుగారు స్థాపించిన బైబిలు మిషను, విశ్వాసులను పెండ్లికుమార్తె సంఘముగా రాకడకు సిద్ధపఱచుటనే తన ముఖ్యబోధగా పెట్టుకొనినది. సిద్ధపడుమని బోధించుట యొకటి, దినము నిర్ణయించుట వేఱొకటి. 16వ అధ్యాయమునందలి మూడవ ధన్యత మెలకువతో నుండి తన వస్త్రమును కాపాడుకొనువానికే చెప్పబడినది గాని పంచాంగము గుణించువానికి కాదు. లెక్క తప్పినప్పుడు చెప్పినవానికి పోవునది పరువు మాత్రమే, నమ్మినవానికి పోవునది ఎద్దులు, చెలక.

ప్రథమ పునరుత్థానమునకు చెందిన అయిదవది, వాక్యమును గైకొనువానికి చెందిన ఆఱవది మొదటివాని విస్తరణములే గనుక విడుచుచున్నాను. ఏడవది మాత్రము చిక్కైనది. వస్త్రములు ఉదుకుకొనినవారికి జీవవృక్షముపై హక్కు కలుగును, వారు గుమ్మముల గుండ పట్టణమున ప్రవేశింతురు. పండ్రెండు గుమ్మములు, ఏ గుమ్మమును మూయబడదు. అయినను ఆ వెంటనే, వెలుపల నుండువారి పట్టిక యొకటి కుక్కలతో మొదలగును. తరతరములుగా ఊరి వెలుపల నివసించిన జనులకు ఇది ఎట్లు వినిపించియుండును? ఒక వృద్ధ ఉపదేశిని నే నీ ప్రశ్న యడిగితిని. ఆయన ఆ పట్టికను నాచేత రెండుమాఱులు చదివించుకొని, మాంత్రికులు, నరహంతకులు, అబద్ధము నాచరించువారు అని వ్రేళ్లపై లెక్కించి, అందు పుట్టుకను బట్టి వెలుపల నున్నవాడు ఎవడైన కలడేమో చూడుమనెను. నాకు ఎవడును కనబడలేదు.