కొండపల్లి నుండి బందరు తీరమునకు: ఒక బొమ్మలబండి వేసవి ప్రయాణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో బొమ్మలను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును బొమ్మకును దగ్గర చుట్టరికమే కలదు. రెండును ఒక మూల కూర్చుండి ఓపికతో చేయవలసినవి. రెండును జనుల యొద్దకు నడచిపోయిననే బ్రదుకునవి. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువలో, పెదవడ్లపూడి కొల్లూరు గ్రామముల నడుమ, పడవమీద గ్రంథాలయమును నడిపించిరి. చదువరి పుస్తకము కడకు రాలేని చోట పుస్తకమే చదువరి కడకు పోయెను. అదే డెల్టాలో వేసవి యెండలో ఒక బొమ్మలబండి ఊరూరు తిరుగుటయే నేటి విషయము. ఇది ఒకానొక ఇంటివారి చరిత్ర కాదు. బొమ్మలు చేయు ఇండ్లలో జరుగదగిన దానిని ఒక కుటుంబముగా కూర్చి, దృష్టాంతముగా చెప్పుట మాత్రమే. అందుచేత ఇందు మనుష్యులకు పేర్లు లేవు.

బొమ్మ పిల్లల వస్తువు గదా యని పెద్దలు తేలికగా చూతురు. పూర్వకవులు అట్లు చూడలేదు. విరాటపర్వమున కౌరవసేన గోవులను తరలించుకొని పోవుచుండగా, యుద్ధమునకు బయలుదేరు బృహన్నలను ఉత్తర కోరినదేమి? ఆ వీరుల సన్నని రంగువస్త్రములను తన బొమ్మలకై తెమ్మని కోరెను. మహావీరుల తలపాగలు ఒక బాలిక బొమ్మలకు చీరలైనవి. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు రోహసేనుడు బంగారుబండి కావలెనని ఏడ్చును. తండ్రి బీదయైనందున మట్టిబండి చేతికి వచ్చును. వసంతసేన తన నగలతో ఆ మట్టిబండిని నింపును. నాటకమునకు ఆ బండి పేరే వచ్చినది. ఒక పసివాని ఆటవస్తువు మీద పది అంకముల కథను నిలిపిన కవికి బొమ్మ విలువ తెలియును.

కొండపల్లి విజయవాడకు వాయవ్యముగా సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. ఊరికి పైన రెడ్డిరాజులనాటి దుర్గము. క్రింద బొమ్మలవారి ఇండ్లు. ఆ పనివారు తమ పెద్దలు రాజస్థానము నుండి వచ్చిరనియు, ముక్తర్షి తమకు మూలపురుషుడనియు చెప్పుకొందురు. వారి పనికి ఆధారము తెల్లపొణికి చెట్టు. దాని కొయ్య మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. కొయ్యను నెమ్ము పోవునట్లు ఆరబెట్టి, సన్నని సెగపై కాచి, బాడిసతో చెక్కి, ఆకురాతితో నునుపు చేయుదురు. బొమ్మ ఒకే మ్రానుముక్క కాదు. చేతులు, కాళ్లు, తొండము, అంబారీ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. పిమ్మట సుద్దపూత; అది ఆరిన తరువాత మేకవెండ్రుకల కుంచెతో రంగులు. దశావతారములు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టు నెక్కు గీతగాడు, బావికడ నీళ్లు తోడు ఇల్లాలు – ఇవి వారి చేతిలో పుట్టిన లోకము. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. అనగా ఆ పేరుతో అన్యచోట చేసిన సరుకును అమ్ముట చెల్లదు. గుర్తింపు వచ్చినది గాని, పొణికి చెట్లు అడవిలో తరిగిపోవుచున్నవి.

బొమ్మలకు అంగడి కాలము దసరా, సంక్రాంతి. ఇంటింట కొలువు పెట్టు దినములు. వేసవి పని కాలము. ఎండ తీక్షణముగా నున్నప్పుడే కొయ్య చక్కగా ఆరును, పూత త్వరగా గట్టిపడును. కావున వేసవిలో ఇల్లు విడచి అమ్మకమునకు పోవుట పనివానికి నష్టమే. అయినను పోవలసివచ్చుచున్నది. సంక్రాంతి సొమ్ము ఉగాదికే అయిపోవును. జూను వచ్చుసరికి బడిఫీజులు సిద్ధముగా నుండును. వర్తకునికి మొత్తముగా వేసినచో అతడు చెప్పినదే ధర. అందుచే మన దృష్టాంతములోని తండ్రి, వైశాఖమాసమున నాలుగు దినములు బండి కట్టించి బందరు వరకు పోవ నిశ్చయించెను. వెంట భార్య, పందొమ్మిదేండ్ల కుమారుడు, పదవతరగతి పరీక్షలు వ్రాసి ఫలితమునకై యెదురుచూచుచున్న కుమార్తె. ముసలితల్లి ఇంటికడ నిలిచెను. ఆరుచున్న కొయ్యను త్రిప్పి వేయుటకు ఒకరు ఉండవలెను గదా.

ప్రయాణము విజయవాడలోని ఆటోనగరున మొదలయ్యెను. తండ్రికి తమ్ముడొకడు పదేండ్లుగా అచ్చట లారీలకు రంగులు వేయుచున్నాడు. ఆటోనగరు తెల్లవారకమున్నే మేల్కొనును. సమ్మెటల మ్రోత, వెల్డింగు మెరుపు, గ్రీజు వాసన. ముక్కలు ముక్కలుగా వచ్చిన లారీ క్రొత్త బాడీ తొడుగుకొని పోవును. ఆ తమ్ముడు లారీ వెనుక తలుపులమీద తామరపూలను, నెమళ్లను దిద్దును. చిన్ననాడు కొండపల్లిలో ఆవగింజంత కన్ను దిద్దిన చేయి ఇప్పుడు గజమెత్తు నెమలిని దిద్దుచున్నది. అతడే ఒక ట్రాలీ ఆటోను బాడుగకు కుదిర్చి, టార్పాలిను కట్టి, వరిగడ్డి పరచి, బొమ్మల పెట్టెలను సర్దించెను. బయలుదేరునప్పుడు అన్న కొడుకును ప్రక్కకు పిలిచి, "ఒరే, వానలు పడగానే వచ్చెయ్యి. రంగుల షాపులో చెప్పి ఉంచాను. వారం వారం డబ్బు చేతికొస్తుంది" అనెను. బాలుడు "నాన్నతో చెప్పాలి బాబాయ్" అని బండి నడిపెను. తండ్రి వినెను, వినని వానివలె త్రాటిముడులు చూచుచుండెను.

బందరు రోడ్డు కానూరు, పోరంకి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు పోయి సముద్రతీర పట్టణమును చేరును. ప్రక్కన బందరు కాలువ. కృష్ణకు 1852–55 నడుమ ఆనకట్ట కట్టిన పిమ్మట ఈ నేల పంటభూమి అయ్యెను. ఆ స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టుదురు. కాలువలో నీరు లేనినాడు గట్టున నీడకూడ పలుచనైనట్లుండును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను మాట ఊరక పుట్టలేదు. పగటి రెండవ జాములోనే టార్పాలిను క్రింద పెట్టెలు కాగిపోయెను. తల్లి తడిగోనెలను పెట్టెలపై కాక, పెట్టెలచుట్టు కట్టుచు వచ్చెను. నీరు తగిలిన సుద్ద ఉబ్బును. వేడి మితిమీరిన మక్కు వదులగును. నీటికిని నిప్పుకును నడుమ సరుకును కాపాడుటయే ఆమె ప్రయాణమంతయు చేసిన పని.

ఉయ్యూరులో నిద్రగన్నేరు నీడను బండి నిలిపిరి. ఒక పెద్దమనిషి అంబారీ ఏనుగును చేత బట్టి ధర అడిగెను. తండ్రి ఎనిమిదివందలనెను.

"చెక్కబొమ్మకు ఎనిమిది వందలా? ప్లాస్టిక్కుది నూటయాభైకి వస్తుందయ్యా."

"వస్తుంది బాబుగారూ. అది మీ మనవడు విరగ్గొట్టేదాకా ఉంటుంది. ఇది మనవడి మనవడి దాకా ఉంటుంది."

మాటలో నుండగనే ఏనుగు జారి నేలబడెను. తొండము ఊడెను, అంబారీ పక్కకు ఒరిగెను. పెద్దమనిషి తెల్లబోయెను. తండ్రి ఏమియు ననక, సంచిలోనుండి మక్కు తీసి తడిపి, తొండము నతికి, అంబారీని విడదీసి మరల నిలబెట్టి, కుంచెతో అతుకుపై రంగు త్రాకించెను. అరగంట పట్టెను. పెద్దమనిషి ఆ సమయమంతయు నిలుచుండి చూచెను. "ఇన్ని ముక్కలా?" అని అడిగి, ఎనిమిదివందలు లెక్కపెట్టి యిచ్చి, ఆ ఏనుగునే పుచ్చుకొనెను. అతని వెనుక నిలిచినవారు మాత్రము తమ బేరములను తాము మానలేదు. ఒకరికి కనువిప్పైనంత మాత్రమున సంత మారదు.

పామర్రు దాటి, కూచిపూడికి త్రోవ చీలు కూడలిని విడచి, సాయంకాలమునకు బందరు చేరిరి. ఈ బందరే పూర్వపు మచిలీపట్టణము. 1611లో ఆంగ్లవర్తకులు ఇచ్చట కోఠీ పెట్టినది ఈ ప్రాంతపు అద్దకపు వస్త్రములకొరకే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. రేవు చితికినది గాని, రంగు వేయు చేతులు నిలిచినవి. మంగినపూడి సముద్రతీరమున రెండు సాయంకాలములు దుకాణము పెట్టిరి. స్నానములకు వచ్చిన కుటుంబములు చిన్న బొమ్మలను కొనిరి. పెద్దవి ముట్టి చూచి వదలిరి. ఉప్పుగాలికి రంగుల మెరుపు మందగించెనని తండ్రి వగచెను.

మూడవనాడు పెడనకు పోయిరి. పెడన కలంకారీ అద్దకమునకు నెలవు. గుడ్డను కరక్కాయ కషాయమునందును పాలయందును నానబెట్టి, ఇనుపతుప్పు, బెల్లము పులియబెట్టిన నీటితో నలుపును, పటికతో ఎరుపునకు పట్టును కల్పించి, కొయ్య అచ్చులతో అద్దుదురు. ఉదుకుటకు పారునీరు కావలెను. కాలువలు కట్టిన దినములలో వారికిని కష్టకాలమే. ఒక అద్దకపుటింటి ఇల్లాలు బొమ్మలను చూచి ముచ్చటపడెను. చేత డబ్బు లేదు. బొమ్మలవారి ఇల్లాలికి ఆ ఇంటి గుడ్డమీద మనసు పడెను. ఆమె చేతను డబ్బు లేదు. ఇద్దరును క్షణమాలోచించి, దశావతారముల పెట్టె ఇచ్చి చీర పుచ్చుకొనిరి. "వదినా, నీ లెక్కలో నీకు నష్టమేమో" అని ఒకతె యన, "మన ఇద్దరికీ లెక్క తెలుసు కనుక నష్టం లేదులే వదినా" అని రెండవయామె యనెను. నాలుగు దినములలోను బేరమాడని క్రయము అదొక్కటే. చేతిపని చేయువానికి చేతిపని ధర చెప్పనక్కరలేదు. ఉత్తర బొమ్మలకు వస్త్రములు కోరిన ముచ్చట ఇచ్చట తిరుగబడి, బొమ్మలే వస్త్రమును తెచ్చినవి.

నాలుగవనాటి రాత్రి, తిరుగుత్రోవలో, కంకిపాడు దాపున కాలువగట్టున భోజనము చేయునప్పుడు బాలిక తన నోటుపుస్తకము తెరచి లెక్క చదివెను. అమ్మకము 18,600 రూపాయలు. బండి బాడుగ, ఆయిలు 6,400. భోజనములు, బస 2,200. కొయ్య, రంగులు 4,500. విరిగిన సరుకు 500. మిగులు 5,000. తల్లి "పరవాలేదే" అనెను. బాలిక, "ఇంకొక పద్దు రాయలేదమ్మా" అనెను. "ఈ బొమ్మలు చెయ్యడానికి ముగ్గురం ఇరవై రోజులు కూర్చున్నాం. అరవై రోజుల పని. ఐదువేలను అరవైతో భాగిస్తే రోజుకు ఎనభైమూడు రూపాయలు. దారిలో తిరిగిన నాలుగు రోజులు అందులో లేనే లేవు."

ఎవరును మాటాడలేదు. తరతరములుగా ఆ ఇంటి లెక్కలలో కొయ్యకు పద్దు కలదు, రంగుకు పద్దు కలదు, బండికి పద్దు కలదు. చేతికి పద్దు లేదు. వ్రాయని పద్దు చెల్లని పద్దగును. బేరమాడువారు తగ్గించునది ఆ వ్రాయని పద్దునుండియే. కొయ్య ధరను ఎవరును తగ్గించలేరు.

కొంతసేపటికి తండ్రి కుమారునితో, "బాబాయి చెప్పింది నేను విన్నాను. వెళ్ళు. నేను వద్దనను" అనెను. బాలుడు తల వంచుకొనెను. తండ్రి మరల, "బాడిస మాత్రం అమ్మకు. మూల పెట్టుకో, చాలు" అనెను. బాలిక నోటుపుస్తకములో క్రొత్త పుట తీసి, ఒక్కొక్క బొమ్మకు ఎన్ని ముక్కలు, ఎన్ని దినములు అని వ్రాయసాగెను. దసరానాటికి ప్రతి బొమ్మకు ఒక చిన్న అట్టముక్క కట్టి, దానిమీద ఈ వివరములు వ్రాసి అమ్మవలెనని ఆమె తలంపు. ధర అడుగువాడు ముందు అది చదువవలెను. ఉయ్యూరు పెద్దమనిషికి అరగంటలో తెలిసినది, చదువుకొన్నవానికి అరనిమిషములో తెలియవలెనని ఆమె యుద్దేశము.

ఆషాఢమున బాలుడు ఆటోనగరు చేరెను. వారమంతయు లారీలకు రంగు వేయును. ఆదివారము కొండపల్లికి వచ్చి బాడిస పట్టును. వారమున కొక్కనాడు పట్టిన బాడిస ఎన్నాళ్లు పదునుగా నుండునో కాలమే చెప్పవలెను. అతనిని నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. ఎనభైమూడు రూపాయలకు తన బిడ్డను కూర్చుండబెట్టువాడే ఆ మాట అనవచ్చును.

సభాసదులారా! బొమ్మలబండి ఊరిలోనికి వచ్చినప్పుడు దయ చూపనక్కరలేదు. చేతిలోని బొమ్మను తిరగవేసి, అతుకులు లెక్కించి, పిమ్మట ధర మాటాడిన చాలును. గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు నేర్పినది చదువుట. అక్షరములు ఉన్నచోటనే కాక, అక్షరములు లేనిచోట కూడ చదువ నేర్చిననాడు ఆ చదువు పూర్తియగును. రానున్న సంక్రాంతికి ఈ గ్రంథాలయపు బీరువాపై ఒక కొండపల్లి కొలువు పెట్టి, ప్రతి బొమ్మ ప్రక్కన దాని ముక్కల లెక్కయు, దినముల లెక్కయు వ్రాసి యుంచినచో, రజతోత్సవమునకు అంతకన్న తగిన గుర్తు వేరొండు లేదు. చేతికి ఒక పద్దు ఈ గ్రామమున మొదలు వ్రాయబడినదని చెప్పుకొనుటకు వీలగును.

గ్రంథాలయము వర్ధిల్లు గాక. చేతిపని వర్ధిల్లు గాక.